వాగు ఒడ్డుకి క్షవరం

మార్చి 2

బావా,

ఉత్తరం చూసి కంగారు పడకు, ఎవరూ పోలేదు. పెన్ను పట్టుకుంది నేనే. ఐదో క్లాసులో మాస్టారు "నీ చేతికి పెన్ను కన్నా గొడ్డలి నయంరా" అన్నప్పటి నుంచి ఇదే మొదలు. ఆయన మాట పోనివ్వకుండా మోటారు రంపంతో చెట్లు కొట్టుకునే బతుకుతున్నా కదా. కాబట్టి తప్పులుంటే నువ్వే కుట్టుకో. దర్జీవి.

నిన్న అక్క ఫోన్ చేసింది. నీ గొంతులో మాట పుట్టే పెట్టె మొత్తం తీసేశారంట. అంతా చెప్పి, అలవాటు కొద్దీ "మీ బావతో మాట్లాడతావా" అంది. అని, నాలిక కరుచుకుని, ఏడ్చేసింది. "ఇవ్వవే, వింటాడుగా" అన్నా. నీ చెవి దగ్గర పెట్టింది. నేనేం వాగానో నాకే గుర్తు లేదు. అవతల నీ ఊపిరి ఒకటే, ఈల వేసినట్టు. నువ్వు పెళ్ళిపీటల మీద ఉండగా నీ చెప్పులు దాచిన దగ్గర్నుంచి నిన్ను ఏడిపిస్తూనే ఉన్నా. నువ్వు తిరిగి తిట్టకపోతే ఏడిపించడంలో రుచేముంది? అందుకే ఉత్తరం. తీరిగ్గా తిట్టు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. మా అక్క గెలిచింది. ఇక మీ ఇంట్లో ఆఖరి మాట ఎప్పుడూ ఆవిడదే.

వాగు కబుర్లు చెప్తా. మన చోటు అలాగే ఉంది. చెక్క వంతెన దగ్గర్నుంచి వంపు దాకా రెండు పక్కలా పొదలు కమ్మేసి మిట్టమధ్యాహ్నం కూడా మసగ్గానే ఉంటోంది. మన మేడిచెట్టు నీళ్ళ మీదికి ఇంకాస్త వాలింది, నడుం పట్టేసిన ముసలాళ్ళా. పళ్ళు డుబుక్ డుబుక్ మని పడుతున్నాయి. దాని వేళ్ళ కింద మామగారు క్షేమం. మొన్న మీసాలు బయటపెట్టి నన్ను ఎగాదిగా చూసి, "అల్లుడు రాలేదా" అన్నట్టు మొహం పెట్టి లోపలికి పోయాడు. అచ్చం మా నాన్నే. ఎండ పొడ గిట్టదు, మనిషి పొడ గిట్టదు. ఆ చేపకి నువ్వు ఆ పేరు పెట్టావని తెలిసి మా నాన్న నెల్లాళ్ళు నీతో మాట్లాడలేదు, గుర్తుందా? నాన్న పోయాడు. చేప ఉంది. నువ్వు ఏళ్ళ తరబడి ఎర వేస్తున్నావు, ఆయన తినేసి చక్కా పోతున్నాడు. కూతుర్నిచ్చిన మామ, వానపాములు కూడా తీసుకోకూడదా మరి?

కోలుకుని రా. ఆయనా నేనూ ఎదురు చూస్తున్నాం.

నీ బామ్మర్ది,
రంపం

*

మార్చి 11

ఒరేయ్ రంపం,

నీ అక్షరాలు చూసి మీ అక్క "ఎవరో చిన్నపిల్లాడు రాశాడు" అంది. చదివి "కాదు, చిన్నపిల్లాడే పెద్దయ్యాడు" అంది.

ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చేశాం. షాపు మీది గదే. కింద షట్టరు దించేసి ఉంది. కుట్టుమిషను పైకి తెప్పించి కిటికీ పక్కన పెట్టించింది మీ అక్క. దాని మీద దుప్పటి కప్పింది. పొద్దున్నే మెలకువ వస్తే ఎవరో గూని మనిషి కూర్చుని నాకు కాపలా కాస్తున్నట్టు ఉంటుంది. మెడ దగ్గర కన్నం పెట్టారు, ఊపిరి అందులోంచే. పలకా బలపం ఇచ్చింది. నేను సగం రాసేసరికే ఆవిడ జవాబు చెప్పేస్తుంది. చిన్న గంట కూడా ఇచ్చింది. ఒకసారి కొడితే మంచినీళ్ళు, రెండుసార్లయితే దిండు సర్దాలి. మూడోసారి కొడితే "ఏంటి మీ గోల" అంటుంది.

డాక్టరు మంచివాడు. అబద్ధం చెప్పడం చేతకాదు. "ఎండాకాలం దాటనివ్వండి, చూద్దాం" అని కిటికీ వైపు చూశాడు. నేను గుడ్డలు కొలిచే మనిషినిరా. చేత్తో పట్టుకుంటే ఎంత మిగిలిందో తెలుస్తుంది.

నాకు పెద్ద కోరికలేం లేవు. ఆ మేడి వేళ్ళ దగ్గర ఒక పూట కూర్చోవాలి. గాలం వేయాలి. మామగారు అందుకుంటే సరే, అందుకోకపోయినా సరే. కానీ అయ్యే పని కాదులే. కాళ్ళలో సత్తువ లేదు, చక్రాల కుర్చీ వచ్చింది. బాగున్నప్పుడే ఆ ముళ్ళల్లో ప్యాంట్లు చింపుకునేవాణ్ణి. ఆ పొదలున్నంత కాలం ఈ కుర్చీ కిందికి దిగదు. ఊరికే అనుకుంటున్నాను. నువ్వు అక్కడి సంగతులు రాస్తూ ఉండు. చదువుకుంటే వెళ్ళొచ్చినట్టే.

దగ్గితే గంట కన్నా గట్టిగా ఈల వస్తోంది. వీధిలో కుక్కలు తిరిగి చూస్తున్నాయి.

మీ బావ

*

మార్చి 25

బావోయ్!

కుర్చీలోనే ఉన్నావా? గట్టిగా పట్టుకో.

వాగు ఒడ్డుకి క్షవరం చేసేశా!

"పొదలున్నంత కాలం కుర్చీ దిగదు" అంటావా? నీ బామ్మర్ది ఎవరనుకున్నావు? చొక్కా చిరిగితే నీ దగ్గరికి రావాలి, చెట్టు అడ్డం వస్తే నా దగ్గరికి రావాలి. నాకు వచ్చింది కొయ్యడం ఒకటే, నీ కోసం అదే చేశా. వంతెన దగ్గర్నుంచి వంపు దాకా, రెండు ఒడ్లూ. రెల్లు, ముళ్ళకంప, తీగలు, నీళ్ళలోకి వేలాడే చెత్త కొమ్మలు, అన్నీ. వేళ్ళతో సహా పెళ్ళగించి ట్రాక్టరుకి ఎత్తించా. ఒడ్డు నున్నగా, గడ్డం గీసిన పెళ్ళికొడుకు బుగ్గలా ఉంది.

మేడిచెట్టు దగ్గరే కాస్త ఆలోచించా. కానీ దాని వేళ్ళు దారి మీదికి లేచి చక్రాలకి అడ్డం, కొమ్మలు గాలానికి అడ్డం. నీకూ చేపకీ మధ్య ఏది అడ్డమొచ్చినా తీసెయ్యాల్సిందే కదా? కోసేశా. దాని చెక్కలతోనే నీ కుర్చీకి వాలు బల్ల చేయించా, మా ఇంటి గడప దగ్గర్నుంచి నీళ్ళ దాకా జారుకుంటూ పోవచ్చు. బ్రేకు పట్టుకోవడం మాత్రం మర్చిపోకు.

ఇప్పుడు వంతెన మీద నిలబడి చూస్తే అడుగున గులకరాయి కూడా కనబడుతోంది. మామగారికి ఇక దాక్కోడానికి చోటు లేదు. ఈసారి గెలుపు నీదే బావా, రాసిపెట్టుకో.

రంపం ఆపేశాక ఎంత నిశ్శబ్దంగా ఉందనుకున్నావు! పిట్ట కూడా అరవలేదు.

ఎప్పుడొస్తావో రాయి. చేతులు బొబ్బలెక్కాయి, అందుకే అక్షరాలు ఇలా ఏడ్చాయి. ఇంతకు ముందు నవ్వాయా అని అడక్కు.

నీ మంగలి,
రంపం

*

ఏప్రిల్ 4

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. చదివి కిటికీ దగ్గర చాలాసేపు కూర్చున్నా. "ఏమైంది, అలా ఉన్నారు" అంది మీ అక్క. నవ్వుతున్నా అని పలక మీద రాశా. గొంతు పోయాక ఇదొక సుఖం, నవ్వేదీ ఏడ్చేదీ ఒకేలా ఉంటుంది.

చాలా కష్టపడ్డావు. చేతులకి నూనె రాసుకో.

మేడిచెట్టు కూడానా?

సరేలే. ఇక్కడి సంగతి ఒకటి చెప్తా. నా దగ్గర పని నేర్చుకున్నతను షాపు నడుపుతానని వచ్చాడు. తను కుట్టిన కోటు చూపించాడు. చెయ్యి పొట్టిగా కోసేశాడు. పాపం, నా మొహంలోకే చూస్తున్నాడు, ఏమంటానోనని. బాగుంది అని రాశా. అతను వెళ్ళాక మీ అక్క పట్టుకుంది. "పొట్టయిందని చెప్పొచ్చుగా?" అని. కత్తెర పడిపోయింది కదే, ఇప్పుడు చెప్తే గుడ్డ పెరుగుతుందా అని రాశా. "చెప్తే వచ్చేదైనా సరిగ్గా కోస్తాడుగా" అంది. మీ అక్క చదువుకోవాల్సిందిరా.

నాకో పని చేసి పెట్టు. మధ్యాహ్నం పూట వాగులో చెయ్యి పెట్టి నీళ్ళు ఎలా ఉన్నాయో రాయి. నీడ ఎక్కడైనా మిగిలిందేమో చూడు. ఇంకో నాలుగు మొక్కలు కొయ్యాల్సినవి ఉంటే, వద్దు, వదిలెయ్యి. నాకు అంత దారి చాలు.

మీ బావ

*

ఏప్రిల్ 21

బావా,

పని చెప్పావు కదా, చేశా. చెయ్యి పెట్టా. స్నానానికి కాచినట్టు ఉన్నాయి నీళ్ళు. ఎక్కడో చిన్న గొడవ ఉంది, కంగారేం లేదు. రాళ్ళకి పచ్చగా పాచి పట్టింది, నిన్న జారి కూర్చున్నా, కూర్చున్నచోట ఇంకా నొప్పి. సన్న పరిగె చేపలు మాత్రం మందలు మందలు. ఎండలో తళతళలాడిపోతున్నాయి, పిలవని పేరంటానికొచ్చినట్టు. కానీ ఇసుకలో దూరి పడుకునే మన ఇసుకదొందు చేపలు ఒక్కటీ కనబడ్డం లేదు. రాళ్ళ కింద చల్లగా పడుకునే ఆ చారల చేపలు కూడా లేవు. మామగారు దర్శనం ఇచ్చి మూడు వారాలైంది.

దీనికి కారణం నేను కనిపెట్టేశా. బాతులాయన!

వంపు దాటాక పైన బాతులు పెంచుకునే ఆ బట్టతలాయన తెలుసుగా? ఆయన బాతులే మింగేసి ఉంటాయి. లేదంటే ఆయనే వల వేసి ఉంటాడు. ముందు మర్యాదగా బుద్ధి చెప్దామనుకున్నా. ఆయన సాయంత్రం ఈల వేస్తే బాతులు ఇంటికి పోతాయి కదా, నేను వంతెన కింద కూర్చుని అదే ఈల వేశా. మంద మొత్తం నా దగ్గరికి బారులు తీరింది! ఆయన ఒడ్డెంబడి పరిగెత్తుకుంటూ, ఈల వేసుకుంటూ, ఆయాసపడుతూ... నేను మళ్ళీ ఈల. బాతులకి పిచ్చెక్కింది. నువ్వుంటే కడుపుబ్బేది.

తర్వాత అసలు సంగతి అడిగా. "మా చేపని ఏం చేశావయ్యా?" అని.

"నీ చేపా? నీ ఇంట్లో ఉండలేనివాడు పక్కింటికి పోతాడు. నన్నడుగుతావేంటి?" అన్నాడు.

ఎంత పొగరు! పక్కిల్లు, పరాయిల్లు అని మా ఇంటి మాటలెత్తుతాడా? "నీ ఒడ్డు మొహం చూడను పో" అని వచ్చేశా. ఇక ఆ వంపు దాటేది లేదు.

నువ్వు బెంగపడకు. మామగారు ఎక్కడికీ పోడు, అల్లుణ్ణి ఏడిపించకుండా ఉండలేడు.

నీ డిటెక్టివ్,
రంపం

*

మే 3

ఒరేయ్ డిటెక్టివ్,

బాతుల కథ మీ అక్క పైకి చదివింది. దగ్గొచ్చి, ఈలొచ్చి, మెడ కన్నంలో పెట్టిన గొట్టం ఊడింది. ఆవిడ నిన్నూ నన్నూ కలిపి తిట్టింది. చాలా రోజులకి హాయిగా ఉంది.

కానీ ఒక మాట విను. బాతులాయన దగ్గరికి వెళ్ళి తప్పయిందని చెప్పు. ఆయన ఏం తియ్యలేదు. ఎలా తెలుసని అడక్కు, నాకు తెలుసు. వెళ్ళి ఆయన ఒడ్డున కాసేపు కూర్చుని రా. ఆ మనిషి మాటలో పొగరు లేదు. నువ్వు మళ్ళీ ఒకసారి ఆ మాట తలుచుకో.

ఇంకొకటి. మేడి మొద్దుకి చిగుళ్ళు వేసి ఉండాలి ఈపాటికి. లేత కొమ్మలుంటే కోసి నీళ్ళ అంచున వరసగా గుచ్చు. నాకు ఎండ తగలకుండా నీడకి. రెల్లు దుబ్బులు ఎక్కడైనా దొరికితే అవి కూడా. నాకు కావాలి అని చెప్తున్నా కాబట్టి చెయ్యి.

మూడు రోజులుగా జావ కూడా ముక్కులో పెట్టిన గొట్టంలోంచే. రుచి తెలీదు. అదృష్టం, వండింది మీ అక్క కదా. ఈ ముక్క ఆవిడకి చదివి వినిపించకు.

మీ బావ

*

మే 22

బావా,

నీ బుర్ర కూడా ఆపరేషన్‌లో తీసేశారా? మేడి కొమ్మ గుచ్చితే అది ఎప్పుడు చెట్టవ్వాలి, ఎప్పుడు నీడ ఇవ్వాలి? ఎండలు తగ్గగానే, వచ్చే నెలే కదా నువ్వొచ్చేది. అందుకే నీకు నీడ కొనుక్కొచ్చేశా. మూసేసిన టీకొట్టు వాళ్ళ పెద్ద గొడుగు, ఎర్రచారలది. ఒడ్డున ఇనప గొట్టం పాతి నిలబెట్టా. మహారాజులా ఉంటుంది. చూశావా, నువ్వు అనడం ఆలస్యం.

బాతులాయన దగ్గరికి మాత్రం పోను. నువ్వు నా పక్షాన ఉండాలి కానీ ఆయన్ని వెనకేసుకొస్తావేం?

మొన్న ఒక జల్లు గట్టిగా కురిసింది. ఒడ్డు కాస్త జారింది. కాస్తే. గులకరాళ్ళ మీద మట్టి మేట వేసింది, నీళ్ళు ఇంకా చిక్కటి టీ రంగులోనే ఉన్నాయి. గొడుగు కూడా కాస్త ఒరిగింది, మళ్ళీ నిలబెట్టా. ఏం పర్లేదు.

అసలు సంగతి! మామగారు కనిపించాడు! నిన్నే! ఇంత పొడుగు మీసాలు! బాగా ఒళ్ళు చేశాడు. గొడుగు కింద గిరగిరా తిరుగుతున్నాడు. నీ కోసమే అనుకుంటా. అంచేత ఆలస్యం చెయ్యకుండా వచ్చెయ్యి. అన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయి.

రంపం

*

జూన్ 5

ఒరేయ్,

డాక్టరు వెళ్ళమన్నాడు. ఆపకుండా వెళ్ళమన్నాడంటే అర్థం తెలుసుగా. వచ్చే ఆదివారం పక్కింటి డ్రైవరు కారులో తీసుకొస్తానన్నాడు. ఎక్కువ రాయలేను.

గాలం తాడు నేనే తెస్తున్నా. షాపులో మిగిలిన గట్టి దారం, మైనం పట్టించా.

మామగారికి చెప్పు.

బావ

*

జూన్ 18

బావా!

చేరారా క్షేమంగా? నీ విజయానికి ఇక్కడ ఇంకా సంబరాలే. ఎవరు కనబడినా చెప్తున్నా, "మా బావ మామగారిని పట్టాడు" అని. తెలీనివాళ్ళు పోలీసులకి చెప్పబోతున్నారు.

నాకు ఒకటే బాధ, ఆ క్షణానికి నేను అక్కడ లేకపోయాను. పెట్రోలు కోసం వెళ్ళాల్సి వచ్చింది, నా ఖర్మ. అక్క చెప్పిందంతా విన్నా. గొడుగు కింద నువ్వు, నీ ఒళ్ళో దుప్పటి, తాడు ఒక్కసారి సర్రున లాగిందట, అక్క కూడా పట్టుకుని లాగిందట. అంత పెద్ద మీసాల చేప! ఎన్నేళ్ళ యుద్ధం! నువ్వు నోరంతా తెరిచి నవ్వావట కదా. శబ్దం లేకపోతేనేం.

కారెక్కేముందు నా తల మీద చెయ్యి పెట్టి అలా రుద్దావేంటి? నీ వాలకం చూస్తే నాకు ఏడుపొచ్చింది. జలుబు అని చెప్పాగా, జలుబే.

మళ్ళీ ఎప్పుడొస్తావు? మామగారి తమ్ముడు కూడా ఉన్నాడు వాగులో.

రంపం

*

జూన్ 27

ఒరేయ్ పిచ్చివాడా,

ఈ ఉత్తరం రోజుకి కొంచెం కొంచెం రాస్తున్నా. ఓపిగ్గా చదువు.

పెట్రోలుకి వెళ్ళినవాడివి నెత్తి మీద నుంచి నీళ్ళు కారుతూ వచ్చావు. చెవిలో పాచి. ఆ బంకులో పెట్రోలు మునిగి తీసుకోవాలా?

మామగారి కళ్ళు తెల్లబడి ఉన్నాయిరా. వాగు నీళ్ళు కాచినట్టు వెచ్చగా ఉన్నాయి, చేప ఒళ్ళు మాత్రం మంచుగడ్డ. బజార్లో ఐసు పెట్టెలోంచి తీసినవాణ్ణి ఎండలో కాసేపైనా ఉంచాలని తెలీదా? గాలం నోట్లో గుచ్చుకోలేదు, పెదవికి కట్టి ఉంది. కట్టింది నువ్వే. దర్జీకి ముడి దొరకదనుకున్నావా? అన్నిటికీ మించి, నువ్వు దొరికిపోయావు. వాగు మధ్యలో ఒక గంప బోర్లా తేలుతోంది. ఏటికి ఎదురు! గంప కింద బుర్ర, బుర్ర కింద రెండు కళ్ళు. మీ అక్క కూడా చూసింది. నా భుజం గిల్లింది, నవ్వాపుకోలేక.

ఒక్క రెల్లు పొద ఉన్నా నువ్వు దొరికేవాడివి కాదు. దాక్కోడానికి చోటు లేకుండా నువ్వే కోసుకున్నావు. మామగారి కష్టం కూడా అదేరా.

ఇన్నాళ్ళూ చెప్పలేదు. "చెప్తే వచ్చేదైనా సరిగ్గా కోస్తాడుగా" అని మీ అక్క అన్న మాట నన్ను పడుకోనివ్వడం లేదు, అందుకే చెప్తున్నా. బాతులాయనది తప్పు కాదు. ఏళ్ళ తరబడి చేప పట్టకుండా ఒడ్డున కూర్చున్నవాడికి చూడ్డం తప్ప పనేముంది? చూసింది చెప్తున్నా. ఆ నీడ వల్లే నీళ్ళు చల్లగా ఉండేవి. కొమ్మల మీంచి పురుగులు, ఆకులు, పళ్ళు రాలితే చిన్నవి తినేవి, చిన్నవాటిని పెద్దాయన తినేవాడు. వేళ్ళు వాళ్ళకి ఇల్లు. ఆ వేళ్ళే ఒడ్డుని పట్టుకుని ఉండేవి. అవి పోయాక మట్టి జారి గులకరాళ్ళని కప్పేసింది, గుడ్లు పెట్టేది ఆ రాళ్ళ మధ్యే. ఎండంటే ఇష్టమున్న పరిగెలు మిగిలాయి. మిగతావాళ్ళు ఇల్లు ఖాళీ చేశారు.

నువ్వు మార్చిలో రాసిన రోజే నాకు తెలిసిపోయింది. తప్పు చేశావురా అని రాద్దామని ఎన్నోసార్లు కూర్చున్నా. "నీ మంగలి" అని సంతకం పెట్టావు చూడు, అక్కడ ఆగిపోయేవాణ్ణి. నా కుర్చీ దిగడానికి నువ్వు చేతులు బొబ్బలెక్కించుకుంటే, నాకు చెయ్యెలా వస్తుంది? కొమ్మలు గుచ్చమని నా నీడ పేరు పెట్టి అడిగా. నువ్వు గొడుగు తెచ్చావు. నిన్ను ఏం చెయ్యాలిరా.

నాకు మామగారు దొరకలేదని బాధ లేదు. ఆ పూట బాగా గడిచింది. గంప కింద నువ్వు, నా ఒళ్ళో మంచుగడ్డ, మీ అక్క నవ్వు. మీ అక్క అలా నవ్వి ఎన్ని రోజులైందో నీకు తెలీదు. నేను లాగుతుంటే తాడు అవతలి చివర నువ్వున్నావని తెలుసు. అందుకే కాస్త ఎక్కువసేపు లాగా.

కొమ్మలు గుచ్చు. ఈసారి నా కోసం కాదు.

బావ

*

జూలై 30

అక్కా,

పొద్దున ఫోన్‌లో నువ్వు "ఆఖరి ఉత్తరంలో ఏం రాశారురా, నాకు చూపించకుండా అంటించేశారు" అని అడిగావు. నేను మాట్లాడలేదని ఫోన్ కట్టయిందనుకున్నావు. కట్టవలేదే. నాకు గొంతు రాలేదు. అందుకే రాస్తున్నా. ఆ ఉత్తరం దీంతో పాటే పెట్టా, చదువుకో. నీ గురించి కూడా ఉంది. చదివాక మళ్ళీ నాకు పంపెయ్యి, అది నాది.

ఆయనకి జవాబు రాయాలని కూర్చున్నా. మొదటి రోజు కోపం వచ్చింది. ఏప్రిల్లోనే ఎందుకు చెప్పలేదు అని. రెండో రోజు సిగ్గేసింది. మూడో రోజు "బావా" అని ఒక్కమాట రాశా, అప్పుడే బావ పోయాడని నీ ఫోన్ వచ్చింది. ఆ కాగితం అలాగే ఉంది. జీవితంలో మొదటిసారి ఆయన మాట్లాడి నేను మాట్లాడకుండా ఉండిపోయా. పాడె మోసేటప్పుడు కూడా ఏదో ఒకటి అందామనుకున్నా, నా భుజం మీద ఆయన ఇంత తేలిగ్గా ఉన్నాడే అని. నోరు లేవలేదు.

ఇంకోటి ఉంది, నీకే చెప్పగలను. మనం ఆయన్ని సాగనంపి వచ్చిన నాలుగు రోజులకి బాతులాయన మా ఇంటికొచ్చాడు. వెనక తోపుడుబండి, దాని నిండా వేళ్ళు మట్టితో ఉన్న రెల్లు దుబ్బులు. గడప బయటే నిలబడ్డాడు.

"నీ ఒడ్డు చూస్తే నాకే ఏదోలా ఉంది. ఇవి నాటుకో" అన్నాడు.

నేను తల దించుకుని, "మా బావ మీకు తప్పయిందని చెప్పమన్నాడు. మేలోనే చెప్పాడు" అన్నా.

"మేలోనే వస్తే బాగుండేది. మీ ముసలాయన్ని చూసి పోయేవాడివి" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆయన నన్ను వంపు దాటించి తీసుకెళ్ళాడక్కా. ఆయన ఒడ్డు మన ఒడ్డు ఒకప్పుడు ఎలా ఉండేదో అలా ఉంది. మసగ్గా, చల్లగా. వేలాడే కొమ్మలు, కింద వేళ్ళు. ఒంగి చూశా. ముందు మీసాలు వచ్చాయి. తర్వాత మామగారు. కళ్ళు నల్లగా, నిగనిగలాడుతూ. నన్ను ఎగాదిగా చూశాడు. "అల్లుడు రాలేదా" అన్నట్టే చూశాడు.

చెట్లు కొట్టేసిన వారంలోనే పైకి వచ్చేశాడట. అప్పట్నుంచీ అక్కడే. "నీ ఇంట్లో ఉండలేనివాడు పక్కింటికి పోతాడు" అని ఆయన చెప్పింది ఇదే. నేను ఈల వేసి, కొట్లాడి, "నీ ఒడ్డు మొహం చూడను" అని వచ్చా. బావ వెళ్ళమన్నాడు, వెళ్ళలేదు. ఆ వంపు ఎంత దూరమే? బాతులాయన ఇంటి దాకా బండి దారి ఉంది. కుర్చీ నేరుగా నీళ్ళ దాకా పోతుంది. ఒక్క పొద కూడా కొయ్యక్కర్లేదు. బావని అక్కడ కూర్చోబెట్టి ఉంటే నిజం మామగారు వచ్చి నిజంగా ఎర తిని నిజంగా పారిపోయేవాడు. నేను ఐసు పెట్టెలో చేపని ఏరుతూ తిరిగా.

బాతులాయన నా వీపు మీద చెయ్యేశాడు. "తీసుకెళ్తావా ఏంటి మీ చేపని?" అన్నాడు, నవ్వించాలని. చూశావా, నాకు ఇప్పుడు వేరేవాళ్ళు జోకులేస్తున్నారు.

కోసిన గుడ్డ మళ్ళీ కుట్టొచ్చు. ఆయన రోజూ చేసే పనే అది. కోసింది కుట్టడం నాకు ఎవరూ నేర్పలేదు. ఇప్పుడు నేర్చుకుంటున్నా. రెల్లు నాటేశా. మేడి మొద్దుకి బావ అన్నట్టే చిగుళ్ళు గుబురుగా వేశాయి, కొమ్మలు కోసి అంచున వరసగా గుచ్చా. గొడుగు పీకేశా. వాలు బల్ల మాత్రం ఉంచా, ఎందుకో తీయబుద్ధి కాలేదు. నువ్వొస్తే కూర్చుందాం. కుట్టుమిషను మీద దుప్పటి తీసెయ్యి, గూని మనిషిలా ఉంటుందని ఆయన భయపడేవాడు.

గుచ్చినవాటిలో ఒకటి బతికింది. నాలుగు ఆకులు. మధ్యాహ్నం దాని నీడ నీళ్ళ మీద నా అరచేతి పాటి పడుతుంది, అంతే. నిన్న ఆ నీడలో ఒక చేపపిల్ల నిలబడి ఉంది. ఇసుకదొందు పిల్ల, వేలెడంత. నీడ జరిగితే అదీ జరుగుతోంది. పాపం, దానికి చాలడం లేదు.

నాకేం చెయ్యాలో తోచలేదు. నీళ్ళలోకి దిగి, ఎండకి వీపు పెట్టి, దాని పక్కన కదలకుండా నిలబడ్డా. నా నీడ కూడా దాని మీద పడింది. అది పారిపోలేదు. ఎండ తగ్గేదాకా అలాగే ఉన్నా.

ఇవాళ కూడా వెళ్తున్నా.

నీ తమ్ముడు